‘మోర్ బెటర్’ అని ఎందుకు అనకూడదు?

సందేహం: అమెరికా వచ్చి మూడు నెలలైంది. రెండింటిని పోల్చేటప్పుడు ఎక్కడ ‘-ఎర్’ చేర్చాలో, ఎక్కడ ‘మోర్’ పెట్టాలో తేలడం లేదు.

జవాబు: తెలుగులో పోలిక బరువంతా ‘కంటే’ మోస్తుంది. ‘ఈ ఇల్లు దానికంటే పెద్దది’ అన్నా, ‘అన్నిటికంటే పెద్దది’ అన్నా ‘పెద్దది’ మారదు. ఇంగ్లీషులో ‘దాన్’ ఒక్కటే చాలదు, విశేషణం కూడా మారాలి. ఆ సంగతి మరిచి ‘బిగ్ దాన్ దట్’ అంటాం. తప్పని తెలిశాక, పోతే పోనీలే అని ‘మోర్’, ‘-ఎర్’ రెండూ తగిలించి ‘మోర్ బిగ్గర్’, ‘మోర్ బెటర్’ అంటాం. రెండూ తప్పే.

మాటను పలికి చూడండి. అచ్చు ఒక్కసారే వినిపిస్తే (చీప్, లాంగ్, టాల్) ‘-ఎర్’, ‘-ఎస్ట్’. రెండుసార్లు వినిపించి చివర ‘వై’ అక్షరం ఉంటే (ఈజీ, బిజీ) ఆ ‘వై’ని ‘ఐ’గా మార్చి ఈజియర్, ఈజియెస్ట్. ఎక్స్‌పెన్సివ్, కన్వీనియెంట్ లాంటి పొడుగు మాటలకు మోర్, మోస్ట్. టైర్డ్, బోర్డ్ పొట్టివే అయినా వాటికీ మోరే. క్వయట్‌కు రెండూ నడుస్తాయి.

రాసేటప్పుడు బిగ్, హాట్ లాంటి పొట్టి మాటల్లో చివరి హల్లుకు ముందు ఒక్క అచ్చు అక్షరమే ఉంటే ఆ హల్లును రెండుసార్లు రాయాలి. చీప్‌లో అచ్చు అక్షరాలు రెండున్నాయి కాబట్టి ‘పీ’ ఒక్కటే.

అసలు ఇబ్బంది డాక్టరు దగ్గర వస్తుంది. గుడ్, బెటర్, బెస్ట్. బ్యాడ్, వర్స్, వర్స్ట్. ఇవి బట్టీ పట్టాల్సిందే. నొప్పి పెరుగుతోందని చెప్పాలంటే ‘ఇట్స్ గెటింగ్ వర్స్’. మనవాళ్లు చాలామంది ఇక్కడ ‘వర్స్ట్’ అంటారు. నొప్పిని 0 నుంచి 10 వరకు అంకెల్లో చెప్పమన్నప్పుడు 10 అంటేనే వర్స్ట్, అంటే ఊహించగలిగినంత నొప్పి. నిన్నటికంటే నయమైతే ‘బెటర్’, పూర్తిగా నయమైతే ‘ఆల్ బెటర్’. మనకు రెండింటికీ నయమే కాబట్టి తికమక సహజం. ‘చాలా నయం’ అనబోయి ‘వెరీ బెటర్’ అనకండి. ‘మచ్ బెటర్’ అనాలి. అద్దె సంగతైతే ‘మచ్ చీపర్’, లేదా ‘ఎ లాట్ చీపర్’.

‘చీప్ అండ్ బెస్ట్’ను మాత్రం మన ఊళ్లోనే వదిలేసి రండి. ఇక్కడ చీప్ అంటే నాసిరకం అనే అర్థం కూడా తగులుతుంది. తక్కువ ధరకు మంచి సరుకు దొరికితే ‘గుడ్ వాల్యూ’ అనండి.

బెస్ట్ ముందు ‘ద’ మరవద్దు. ‘వన్ ఆఫ్ ద బెస్ట్’ తర్వాత బహువచనమే రావాలి: ‘వన్ ఆఫ్ ద బెస్ట్ డాక్టర్స్’.

‘హీ ఈజ్ ఎల్డర్ టు మీ’ కూడా పోవాలి. ‘ఓల్డర్ దాన్ మీ’ అనండి. అన్నయ్యను ‘ఎల్డర్ బ్రదర్’ అంటే తప్పు లేదు గానీ, ఇక్కడ ఎక్కువగా వినిపించేది ‘ఓల్డర్ బ్రదర్’. కాలేజీలో మీకంటే ఏడాది ముందున్నవాళ్లందరినీ ‘మై సీనియర్స్’ అంటే అమెరికన్లకు అర్థం కాదు. వాళ్లకు సీనియర్ అంటే నాలుగో ఏడాది విద్యార్థి, లేదంటే పెద్ద వయసు వ్యక్తి. ‘ఎ ఇయర్ అహెడ్ ఆఫ్ మీ’ అంటే చాలు.