లారీ షెడ్డు ఛార్జర్‌తో కారు బ్యాటరీని ఇంటి దగ్గర ఛార్జ్ చేయవచ్చా?

మీ కారు చాలా నెలలుగా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కదలకుండా ఉండిపోయి, 35 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే బ్యాటరీ ఎంత ఛార్జ్ పట్టగలదో చెప్పే కొలత) బ్యాటరీ పూర్తిగా దిగిపోయిందని, బంధువుల లారీ షెడ్డు నుంచి చక్రాలున్న పెద్ద ఛార్జర్ తెచ్చుకున్నానని రాశారు. దానితో ఛార్జ్ చేయవచ్చు. అయితే అంత చిన్న బ్యాటరీ మీద ఆ యంత్రం బలమంతా ప్రయోగించకూడదు, దాన్ని వదిలేసి పక్కకు వెళ్లకూడదు. మాకు ట్రాక్టర్లున్నాయి, పంటకూ పంటకూ మధ్య అవి కదలవు గనుక ఇలాంటి పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్‌ను ఏళ్ల తరబడి వాడుతున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందుగా ఛార్జర్ మీద 12, 24 అని రాసి ఉండే స్విచ్ చూడండి. లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు తీసుకుంటారు కాబట్టి, షెడ్డు నుంచి వచ్చిన ఛార్జర్ చాలాసార్లు 24 మీదే ఉంటుంది. అలాగే మీ బ్యాటరీకి తగిలిస్తే యాసిడ్ మరిగి బయటికి చిమ్ముతుంది. ఆ తర్వాత కరెంటు నాబ్‌ను అన్నిటికన్నా తక్కువకు తిప్పండి. బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు యాంపియర్లు సరైన వేగమని మెకానిక్కులు పాటించే లెక్క మంచిదే. మీ బ్యాటరీకి అది 3.5 యాంపియర్లు. పూర్తిగా దిగిపోయినది నిండడానికి పది, పన్నెండు గంటలు పడుతుంది. తొందరపడి 30, 40 యాంపియర్లు పెట్టడం చెంబు నింపడానికి బోరు పైపు కింద పెట్టడం లాంటిది; లోపలి ప్లేట్లు వేడెక్కి వంగిపోతాయి. వంద యాంపియర్లకు పైగా ఇచ్చే బూస్ట్ స్థానం సెల్ఫ్ కొట్టే కొద్ది సెకన్ల కోసమే ఉంది, ఛార్జింగ్ కోసం కాదు. కారులోని ఎలక్ట్రానిక్ యూనిట్ల దృష్ట్యా మీరు దాన్ని అసలు ముట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అసలు ప్రమాదం షాక్ కన్నా ఎక్కువగా గ్యాసులో ఉంది. బ్యాటరీ నిండుతున్న కొద్దీ, ముఖ్యంగా వోల్టేజీ 14.4 దాటాక, యాసిడ్‌లోని నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వెలువడతాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. మా ప్రాంతంలో ఒక షెడ్డులో ఛార్జర్ ఆపకుండానే క్లిప్పు లాగిన మెకానిక్ కళ్ల ముందు బ్యాటరీ పైకప్పు బద్దలవడం నేను చూశాను. అతనికి కళ్లద్దాలు ఉండబట్టి చూపు దక్కింది. అందుకే కరెంటు స్విచ్ ఎప్పుడూ చివర వేయాలి, ముందుగా ఆపాలి. గాలి ఆడని సెల్లార్ మూలలో ఈ పని చేయకండి. బ్యాటరీని విప్పి, గాలి తగిలే నీడలోకి తీసుకువెళ్లండి. మన ఎండాకాలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టడం ఇంకా మంచిది. విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, ఎందుకంటే ప్లస్ విప్పుతున్న స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా అప్పుడు మంట లేవదు. ఉంగరాలు, గడియారం ముందే తీసేయండి.

బ్యాటరీ బయట ఉంటే, ఛార్జర్ ప్లగ్గు పెట్టకముందే ఎర్ర క్లిప్పును ప్లస్‌కు, నల్ల క్లిప్పును మైనస్‌కు గట్టిగా పట్టించండి. కారులోనే ఉంచి చేయక తప్పకపోతే నల్ల క్లిప్పును బ్యాటరీకి దూరంగా, రంగు లేని ఇంజను లోహానికి పెట్టాలి. పెద్ద ఛార్జర్‌కు ఎర్త్ ఉన్న 16 యాంపియర్ల సాకెట్ కావాలి. సన్నని ఎక్స్‌టెన్షన్ బోర్డును మూడో అంతస్తు నుంచి వేలాడదీయకండి.

మూతలు తీయగలిగిన బ్యాటరీ అయితే లోపల చూసి, ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. గుర్తు వరకు నింపడం ఛార్జ్ అయ్యాకే, ఎందుకంటే ఛార్జింగ్‌లో మట్టం పైకి లేస్తుంది. ఆర్.ఓ. నీళ్లు వద్దు, యాసిడ్ అసలే పోయవద్దు. చేతికి యాసిడ్ తగిలితే ధారాళంగా నీళ్లతో కడగండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు కడుగుతూ, ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరికి వెళ్లండి. నేలమీద ఒలికినదాని మీద వంటసోడా చల్లితే చాలు.

పాత ఛార్జర్ తనంతట తాను ఆగదు. అందుకని మల్టీమీటర్ దగ్గర పెట్టుకుని గంటకోసారి చూడండి: 14.4 నుంచి 14.7 వోల్టుల మధ్యకు చేరి యాంపియర్లు బాగా తగ్గితే పని అయినట్టే. బ్యాటరీ చేయి పెట్టలేనంత వేడెక్కినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా, పక్కలు ఉబ్బినా స్విచ్ ఆపి దూరంగా జరగండి. రాత్రంతా పెట్టి నిద్రపోవడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

మీ కారులో సిగ్నల్ దగ్గర ఇంజను దానంతట అదే ఆగే ఏర్పాటు ఉంటే, అందులో ఏ.జి.ఎం. (యాసిడ్‌ను గాజు పీచు పొరల్లో పీల్చి ఉంచే సీలు బ్యాటరీ) లేదా ఇ.ఎఫ్.బి. (మామూలు ద్రవ యాసిడ్ బ్యాటరీకే మెరుగుపరచిన రకం) ఉండవచ్చు. ఏ.జి.ఎం. మూతలు తెరవలేం, ఆవిరైన నీటిని తిరిగి పోయలేం. దానికి ఈ ఛార్జర్ వద్దు, ఏ.జి.ఎం. మోడ్ ఉన్న చిన్న ఎలక్ట్రానిక్ ఛార్జర్ కొనుక్కోండి.

ఛార్జ్ ముగిశాక ముందు గోడ స్విచ్, తర్వాత నల్ల క్లిప్పు, చివరికి ఎర్ర క్లిప్పు తీయండి. కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చి కొలిస్తే 12.6 చుట్టూ ఉండాలి. మర్నాటికి 12.4 కన్నా దిగిపోతే బ్యాటరీ పోయినట్టే, మళ్లీ మళ్లీ ఛార్జ్ చేయడం వృథా. నిలబడితే కారుకు బిగించి, ఇంజను నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు వస్తోందో లేదో చూడండి. రాకపోతే ఆల్టర్నేటర్‌ను చూపించండి.