ట్రాన్స్‌ఫర్ సీటు రాలేదని ప్లాటు అమ్మకానికి పెట్టకండి

మీరడిగింది ఇదీ. మూడేళ్ళ కిందట హైదరాబాద్ నుంచి ఫ్రీమాంట్ వచ్చారు. అబ్బాయి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల పిల్లలకిచ్చే వీసా) మీద ఉన్నాడు, డి ఆంజా అనే కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ళు చెప్పే కాలేజీ) రెండేళ్ళు చదివాడు, వచ్చే జూలైలో ఇరవై నిండుతాయి. కంప్యూటర్ సైన్స్‌కి ట్రాన్స్‌ఫర్ మీద, అంటే మిగతా రెండేళ్ళ చదువుకి, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లలో బర్క్లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో మూడూ కాదన్నాయి, డేవిస్ రమ్మంది. అప్పీలు చేయాలా, ఇంకో ఏడాది ఆగి మళ్ళీ బర్క్లీకే వేయాలా, లేకపోతే శంకర్‌పల్లి దగ్గరున్న ప్లాటు అమ్మి ప్రైవేటు యూనివర్సిటీలో చేర్పించాలా?

డేవిస్‌లో చేర్పించండి. జూన్ 1 లోపు పోర్టల్‌లోకి వెళ్ళి సీటు ఒప్పుకుంటున్నట్టు నొక్కి, డిపాజిట్ కట్టేయండి. మిగతా విషయాలన్నీ ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళకి ర్యాంకు కనిపించినంతగా బిల్లు కనిపించదు. ఇక్కడ చాలా ఏళ్ళుగా కాపురం చేసి, పిల్లల్ని చదివించి, అప్పుల్లేకుండా ఒడ్డున పడ్డవాళ్ళని ఎవరినడిగినా ముందు వేయమనేది డబ్బు లెక్కే.

ఏడాది ఆగితే పెద్ద ఖర్చేమీ ఉండదనుకుంటున్నారు. కాలేజీ ఫీజు వరకూ అది నిజమే. డి ఆంజాలో కాలిఫోర్నియా రెసిడెంట్లకి క్వార్టర్ (సెమిస్టర్ కన్నా చిన్న టర్ము) యూనిట్‌కి 31 డాలర్లు. ఏడాదికి 36 యూనిట్లు తీసుకున్నా 1,116 డాలర్లతో పోతుంది. అసలు ఖర్చు అబ్బాయి వయసులో ఉంది. ఇరవై ఒకటి నిండిన రోజున హెచ్-4 పోతుంది. అప్పటికి గ్రీన్ కార్డు చేతికి వచ్చే అవకాశం మీకు లేదు కాబట్టి ఎఫ్-1కి, అంటే స్టూడెంట్ వీసాకి మారాలి. హెచ్-4 మీద ఉన్న పిల్లలు తల్లిదండ్రులతో పాటు ఇక్కడే స్థిరపడినట్టు చూపించి రెసిడెంట్ ఫీజు (రాష్ట్రంలో ఉండేవాళ్ళకిచ్చే తక్కువ ఫీజు) తెచ్చుకోగలరు, ఎఫ్-1 వాళ్ళకి ఆ వీలు లేదు. ఇక్కడి హైస్కూల్లో మూడేళ్ళు చదివిన పిల్లలకిచ్చే ఏబీ 540 మినహాయింపు ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకి అది వర్తించదు.

ఇప్పుడు లెక్క చూడండి. 2025-26లో కొత్తగా చేరినవాళ్ళకి యూసీలో నాన్ రెసిడెంట్ అదనపు ఫీజు ఏడాదికి 37,602 డాలర్లు. మామూలు ట్యూషన్, హాస్టల్, తిండి దీనికి వేరే. ఈ సెప్టెంబర్‌లో డేవిస్‌లో చేరితే మొదటి ఏడాది హెచ్-4 మీద రెసిడెంట్ ఫీజుతో గడిచిపోతుంది, రెండో ఏడాదికి మాత్రమే ఈ దెబ్బ తగులుతుంది. ఏడాది ఆగి చేరితే రెండేళ్ళకీ తగులుతుంది. అంటే బర్క్లీ కోసం మీరు ఆగే ఒక్క ఏడాది ఖరీదు సుమారు 37 వేల డాలర్లు, అదీ సీటు వస్తేనే. ఆ దరఖాస్తును నాన్ రెసిడెంట్‌గా చూస్తే అర్హత గీత కూడా పైకి జరుగుతుంది. రెసిడెంట్లకి కనీస జీపీఏ 2.4 అయితే నాన్ రెసిడెంట్లకి 2.8. కంప్యూటర్ సైన్స్‌కి వాస్తవంగా కావలసింది ఈ రెండింటికన్నా చాలా పైనుంటుందని మీకు ఇప్పటికే అర్థమయ్యుంటుంది. రెసిడెన్సీ ఆఫీసు ఒక్కొక్కరి కేసూ విడిగా చూస్తుంది కాబట్టి వీసా మారినప్పుడు ఫీజు సంగతి వాళ్ళని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

పోనీ డేవిస్‌లో చేరి, అక్కణ్ణుంచి బర్క్లీకి మారదామా అనే ఆలోచన కూడా చాలా ఇళ్ళలో వస్తుంది. దాన్ని మొదట్లోనే వదిలేయండి. యూసీ క్యాంపస్‌లు ట్రాన్స్‌ఫర్లలో ముందు కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లల్ని తీసుకుంటాయి, ఇంకో యూసీ నుంచి వచ్చేవాళ్ళు వాళ్ళ తర్వాతే. పైగా యూనిట్ల చిక్కు ఒకటి ఉంది. ఒక్క కమ్యూనిటీ కాలేజీల్లోనే చదివితే ఎన్ని యూనిట్లు చేసినా యూసీ 70 సెమిస్టర్ యూనిట్ల దగ్గర, అంటే 105 క్వార్టర్ యూనిట్ల దగ్గర లెక్క ఆపేస్తుంది. ఎక్కువైనవాటికి సబ్జెక్టు క్రెడిట్ ఇస్తుంది తప్ప వాటివల్ల సీటు పోదు. నాలుగేళ్ళ యూనివర్సిటీలో అడుగుపెట్టాక ఆ రక్షణ ఉండదు. అక్కడి యూనిట్లు దానిమీద కలుస్తూ పోతాయి. అవి ఎక్కువై సీనియర్ స్టాండింగ్, అంటే నాలుగో ఏడాది హోదా, వచ్చిందంటే చాలా విభాగాలు దరఖాస్తు చదవకుండానే పక్కన పెడతాయి.

అప్పీలు విషయానికొద్దాం. మన ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఫైనల్ ఫేజ్ దాకా ఆగితే మంచి సీటు దొరికినట్టు ఇక్కడ కూడా దొరుకుతుందని మనవాళ్ళు అనుకుంటారు. అప్పీలంటే ఇంకో రౌండ్ కాదు. దరఖాస్తులో లేని, ఫలితాన్ని మార్చగలిగేంత బలమున్న కొత్త సమాచారం ఉంటేనే అది పనికొస్తుంది. ఉదాహరణకి, ప్రొఫెసర్ తప్పు గ్రేడ్ వేసి తర్వాత సరిదిద్దినట్టు కాగితం ఉంటే, లేదా ఒక కాలేజీ ట్రాన్‌స్క్రిప్టులో పొరపాటు దొర్లి ఉంటే వేయండి. 'మా వాడు చాలా కష్టపడ్డాడు, బర్క్లీ అంటే ప్రాణం' అనేది కొత్త సమాచారం కాదు. అప్పీలు అబ్బాయే రాయాలి, పోర్టల్ ద్వారానే పంపాలి. మీరు ఫోన్ చేసినా, ఆఫీసుకి వెళ్ళి నిలబడినా పిల్లవాడి అనుమతి లేకుండా అతని ఫైలు గురించి మీతో మాట్లాడరు. అది ఇక్కడి చట్టం, మిమ్మల్ని చిన్నచూపు చూడటం కాదు. గడువు క్యాంపస్‌ని బట్టి మారుతుంది, అది పోర్టల్‌లోనే ఉంటుంది. అప్పీలు జవాబు జూన్ 1 తర్వాత రావచ్చు, అందుకనే డేవిస్ డిపాజిట్ ముందు కట్టమన్నాను. వెయిట్‌లిస్టులో పెట్టారంటే అది వేరే సంగతి. అక్కడ ఉంటానని ఒప్పుకోవడానికి ఖర్చేమీ లేదు, ఒప్పుకోండి.

సీటు ఎందుకు రాలేదో మీ వాడి కాగితాలు చూడకుండా చెప్పలేను. కానీ కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటారో చెప్పగలను. మీకు చిన్నవాడు కూడా ఉన్నాడన్నారు, వాడి కోసమైనా జాగ్రత్తగా చదవండి. ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ యూసీ కోర్సుకి సమానమో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఉంటుంది. కాలేజీ, క్యాంపస్, మేజర్ (ప్రధాన సబ్జెక్టు), సంవత్సరం నాలుగూ ఎంచుకుంటే పట్టిక వస్తుంది. అందులో కుడి, ఎడమ వరసల్ని ఒక్కో కోర్సుగా కాక గుంపుగా చదవాలి. డి ఆంజా క్వార్టర్ పద్ధతి కాలేజీ. కాలిక్యులస్ అక్కడ మ్యాథ్ 1ఏ, 1బీ, 1సీ, 1డీ అని నాలుగు ముక్కలుగా ఉంటుంది. పక్కనున్న సెమిస్టర్ కాలేజీలో అదే పాఠం మూడు ముక్కలు. మన పిల్లలు 1ఏ, 1బీ డి ఆంజాలో చేసి, ఎండాకాలంలో త్వరగా అవుతుందని మిగతాది సెమిస్టర్ కాలేజీలో తీసుకుంటారు. రెండుచోట్లా పాఠం తెగే చోటు ఒకటి కాదు. శ్రేణుల దగ్గరో, బహుళ చరరాశుల దగ్గరో ఒక ముక్క ఏ కాలేజీ ఖాతాలోకీ రాకుండా పోతుంది. పిల్లవాడు అంతా చదివాననే అనుకుంటాడు, దరఖాస్తు చదివేవాళ్ళకి మాత్రం సిరీస్ పూర్తి కానట్టు కనిపిస్తుంది. మొదలుపెట్టిన కాలేజీలోనే సిరీస్ ముగించాలి. ఫిజిక్స్ సిరీస్‌కీ ఇదే మాట.

తర్వాతిది గ్రేడ్లు. సీ గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిన కోర్సుని మళ్ళీ చదివినా యూసీ రెండో గ్రేడ్‌ని లెక్కలోకి తీసుకోదు. సీ-మైనస్, డీ, ఎఫ్ వచ్చినవాటికే ఆ అవకాశం. కాబట్టి కాలిక్యులస్‌లో సీ తెచ్చుకుని, ఏ చేసుకుందామని క్వార్టర్ పోగొట్టుకోవడం డబ్బు దండగ.

ఇంకొకటి మనవాళ్ళకే ఎక్కువగా ఎదురవుతుంది. ఇండియాలో బీటెక్ ఒక ఏడాదో, ఒక్క సెమిస్టరో చదివి వచ్చిన పిల్లలు దాన్ని దరఖాస్తులో చూపించరు. బ్యాక్‌లాగులున్నాయనో, ఆ క్రెడిట్లు ఎలాగూ అక్కర్లేదనో వదిలేస్తారు. చదివిన ప్రతి కాలేజీ, దేశం ఏదైనా, మార్కులు ఎలాంటివైనా, రాయాల్సిందే. దాచినట్టు తేలితే ఇచ్చిన సీటు కూడా తీసేస్తారు.

వ్యాసాల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. నాలుగు, ఒక్కోటి 350 మాటల లోపు. మేజర్‌కి ఎలా సిద్ధమయ్యావన్నది తప్పనిసరి, మిగతా ఏడింట్లోంచి మూడు ఎంచుకోవాలి. వేల డాలర్లు తీసుకుని రాసిచ్చేవాళ్ళ జోలికి పోకండి.

చిన్నవాడి వరకు టీఏజీ అనే, షరతులు నిండితే ట్రాన్స్‌ఫర్ సీటు ముందే ఖాయం చేసే యూసీ హామీ పథకం వాడుకోండి. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింట్లో ఒక్కదానికే వేయాలి, సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు. బర్క్లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో ఇందులో లేవు. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ కొన్ని క్యాంపస్‌లలో హామీ కిందికి రావు, మేజర్ పేరుతో సహా చూసుకుని వేయండి. దీనితో పాటు అసలు యూసీ దరఖాస్తు కూడా విడిగా వేయాలి, లేకపోతే హామీ చెల్లదు. యూసీలో భాగం కాని శాన్ హోసే స్టేట్ అనే ప్రభుత్వ యూనివర్సిటీని తక్కువగా చూడొద్దు. ఇంట్లోంచి వెళ్ళి చదవొచ్చు, సిలికాన్ వ్యాలీ కంపెనీలు పక్కనే ఉంటాయి, ఫీజు యూసీ కన్నా బాగా తక్కువ.

ప్రైవేటు సంగతి. మొదటిది, ఆలస్యమైంది. ట్రాన్స్‌ఫర్ గడువు హార్వర్డ్‌కి మార్చి 1, స్టాన్‌ఫర్డ్‌కి మార్చి 15, మిగతావీ చాలావరకు ఆ దరిదాపుల్లోనే. రెండోది, పెద్ద మెరిట్ స్కాలర్‌షిప్పులు ఎక్కువగా ఫ్రెష్‌మన్‌గా, అంటే మొదటి ఏడాదిలో, చేరేవాళ్ళ కోసం పెట్టినవి, ట్రాన్స్‌ఫర్లకి మిగిలేది కొంచెం. మూడోది, హెచ్-4 పిల్లల్ని చాలా ప్రైవేటు యూనివర్సిటీలు ఇంటర్నేషనల్ కిందే లెక్కవేస్తాయి. ఫాఫ్సా అనే ప్రభుత్వ సాయం దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్ సాయం హెచ్-4కీ లేదు, ఎఫ్-1కీ లేదు. సాయం అడిగితే సీటు అవకాశమే తగ్గే చోట్లూ ఉన్నాయి. అడగకపోతే ఏడాదికి 90 వేల డాలర్లు దాటే ఖర్చు మీ జేబులోంచే. ప్లాటు ఒక్కసారే అమ్ముడవుతుంది, ఫీజు రెండేళ్ళు కట్టాలి. ఆ ప్లాటు అబ్బాయి ఎఫ్-1 ఏడాదికి ఆసరాగా ఉంచుకోండి.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ మీద ఇచ్చే 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ సంపాదిస్తే బయటివాళ్ళకి కూడా రెసిడెంట్ ఫీజు వర్తింపజేసే అవకాశం చట్టంలోనే ఉంది. వెయ్యి డాలర్లే కదా అని దరఖాస్తు చేయకుండా వదిలేసేవాళ్ళు నష్టపోయేది దానికి ఎన్నో రెట్లు.

నేరుగా ఎఫ్-1 మీద వచ్చి చదువుతున్న పిల్లలు ట్రాన్స్‌ఫర్ రాకపోతే ఉన్న కాలేజీలోనే ఫుల్ టైమ్, అంటే 12 క్రెడిట్లు, వదలకుండా కొనసాగాలి. అడ్మిషన్ లెటర్ చేతికి రాకముందే సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) కొత్త కాలేజీకి బదిలీ అయ్యే రిలీజ్ తేదీ పెట్టించుకోవద్దు. ఆ తేదీ దాటితే పాత కాలేజీ చేతిలో ఏమీ ఉండదు. దాటకముందైతే ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్ళు రద్దు చేయగలరు. కొత్త చోట క్లాసులు 5 నెలల్లోపు మొదలవ్వాలి. మిగతా నిబంధనలు మీ కాలేజీ సలహాదారు దగ్గర ఉంటాయి.

మీ అబ్బాయికి ఇప్పుడు మిగిలిన పని చెబుతాను. ఈ క్వార్టర్‌లో చేస్తున్నట్టు దరఖాస్తులో రాసిన కోర్సులు ఒక్కటి కూడా డ్రాప్ చేయకూడదు. గ్రేడ్ పడిపోతే, కోర్సు మారితే వెంటనే డేవిస్‌కి తెలియజేయాలి. జూలై 1 లోపు ఫైనల్ ట్రాన్‌స్క్రిప్టులు అక్కడికి చేరాలి, ఇండియాలో కాలేజీ చదివుంటే అవి కూడా. సీటు ఒప్పుకున్న వెంటనే రెసిడెన్సీ ఫారం పోర్టల్‌లో కనిపిస్తుంది. దానికి మీ హెచ్-1బీ, అబ్బాయి హెచ్-4 ఐ-797 (వీసా హోదా ఆమోదించిన) కాగితాలు, కాలిఫోర్నియా టాక్స్ రిటర్నులు, ఇంటి లీజు, డ్రైవింగ్ లైసెన్సులు, ఏడాదికి పైగా ఇక్కడే ఉన్నట్టు చూపించేవన్నీ ఒక ఫోల్డర్‌లో స్కాన్ చేసి సిద్ధంగా పెట్టుకోండి. ఈ ఫారం ఆలస్యమైతే మొదటి బిల్లే నాన్ రెసిడెంట్ రేటు మీద వస్తుంది.