షెడ్డు కబుర్లు: ఘాట్ రోడ్డులో బ్రేకు వాసన

(కార్ల గురించి పాఠకుల ప్రశ్నలకు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా షెడ్డు నడిపిన మెకానిక్ జవాబులు)

ప్రశ్న: మొన్న కుటుంబంతో అరకు వెళ్లాం. తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు దిగుతుంటే ఏదో కాలిన వాసన వచ్చింది. కాసేపటికి బ్రేకు పెడల్ మెత్తబడి సగం దాకా లోపలికి పోయింది. ఎలాగో కిందికి చేరాం. మర్నాడు మెకానిక్ చూసి బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు. మరి అలా ఎందుకైంది?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదండీ. చల్లారాక చూశాడు కాబట్టి ఆయనకి ఏమీ కనపడలేదు. దిగేటప్పుడు ఏ గేరులో ఉన్నారో మీరు రాయలేదు. నాలుగో, అయిదో అయి ఉంటుంది. అక్కడే ఉంది చిక్కంతా.

కొండ దిగే బండిని పట్టి ఉంచేవి రెండే. ఒకటి ఇంజిన్, రెండోది బ్రేకు. టాప్ గేరులో ఇంజిన్‌కి పట్టు ఉండదు, భారమంతా బ్రేక్ ప్యాడ్ల మీద పడుతుంది. పైగా భయం కొద్దీ పెడల్ మీద కాలు ఆనించే ఉంచుతాం. ఆ ప్యాడ్లు అదిమి పట్టే, చక్రంతో పాటు తిరిగే డిస్కుకి చల్లారే సందే దొరకదు. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది. ఈ ఆయిల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. బ్రేక్ ఆయిల్ డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని రకం రాసి ఉంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల లోపు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన ఆయిల్‌కి అదే ప్రమాణం 140. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ ఘాట్‌లో మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ఆయిల్‌ని ఎంత నొక్కినా కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. ఆ రోజు మీ కాలు నొక్కింది ఆ బుడగల్ని. చల్లారగానే బుడగలు పోయాయి, పెడల్ మళ్లీ గట్టిపడింది.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. కొత్త ఆయిల్ లేత పసుపులో ఉంటుంది. మీది కాఫీ డికాషన్‌లా కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా మార్పించండి. నల్లబడకపోయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. ప్యాడ్లు కూడా విప్పి చూడమనండి, మందం మూడు మిల్లీమీటర్లకి వస్తే కొత్తవి వేయించాల్సిన సమయమే.

ఇక దిగడం సంగతి. ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు అని పాత లారీ డ్రైవర్లు చెప్పేవాళ్లు. కారుకీ అదే లెక్క. రెండో గేరులో ఇంజిన్ గోల పెడుతుంది, పెట్టనివ్వండి. ఆటోమేటిక్ అయితే ఎల్ (లో గేరు) గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి. వేగం పెరిగినప్పుడు బ్రేకు గట్టిగా ఒకసారి వేసి తగ్గించి, కాలు తీసేయండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు దానంతటదే కట్ చేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటాయి. అంటే మిగిలేదీ లేదు, పట్టు కూడా పోయింది.

మళ్లీ వాసన వస్తే, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకి తీసి అరగంట ఆగండి. డిస్కుల మీద నీళ్లు మాత్రం పోయకండి, వంకరపోతాయి. కాగిన బ్రేకులకి హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే అతుక్కుపోవచ్చు. రివర్స్ గేరులో పెట్టి చక్రం కింద రాయి వేయండి. కదిలే బండిలోనే పెడల్ మెత్తబడితే టకటకా నాలుగైదుసార్లు తొక్కుతూ కింది గేర్లకి దింపండి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగండి. ఇంజిన్ మాత్రం ఆపకండి. ఆపితే స్టీరింగూ బ్రేకూ రెండూ బండలైపోతాయి.

ప్రశ్న: ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దమ్మా. గాలి తగ్గితే టైరు పక్క గోడలు తిరిగిన ప్రతిసారీ మడతపడి మరింత వేడెక్కుతాయి, పగిలేది అందుకే. డ్రైవర్ వైపు తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, దాని మీద ఎన్ని పాయింట్లు ఉంటే అన్ని. పొద్దున్నే, బండి తిరగకముందు కొట్టించండి. స్టెప్నీకీ కొట్టించండి, అందరూ మరిచిపోయేది దాన్నే. టైరు గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకి దిగితే మార్చాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి వస్తుంటే సూర్యాపేట దగ్గర టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లింది. వెంటనే ఆపి నీళ్లు పోద్దామంటే మా ఆవిడ పోయనివ్వలేదు. ఎవరిది రైటు?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆవిడదే. మీరు ఆవిడకి ఒక చీర బాకీ.

నా కుడి మోచేతి కింద అరచెయ్యంత మచ్చ ఉంది. పదహారేళ్లప్పుడు మా గురువు గారి షెడ్డులో కాగిన అంబాసిడర్ రేడియేటర్ మూత మీద గోనెసంచి ముక్క వేసి తిప్పాను. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత వదులవగానే ఒక్కసారిగా మరిగి పైకి ఎగజిమ్ముతాయి. గోనెసంచి ఎటు ఎగిరిపోయిందో కూడా చూడలేదు.

ముల్లు పైకి పోతుంటే ముందు ఏసీ ఆపండి. హీటర్ ఫుల్లుగా పెట్టి అద్దాలు దించండి. మే నెలలో హీటరా అని నవ్వొద్దు. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాక్కుంటుంది. పక్కకి తీసి ఇంజిన్ ఆపి, కనీసం ముప్పావుగంట వదిలేయండి. రేడియేటర్ పై పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మూత జోలికి వెళ్లాలి. కాలే ఇంజిన్లో చన్నీళ్లు పోస్తే హెడ్డు, అంటే ఇంజిన్ పై భాగం, పగలొచ్చు. ఆ ఖర్చు ముందు లారీ మీద ఎక్కించి తెచ్చే కిరాయి ఎంత?

ఇంకోటి, బోరు నీళ్లు. ఆపదలో పోశారంటే సరే. అదే అలవాటైతే మీ ఇంట్లో గీజర్ రాడ్డుకి పట్టే తెల్ల పొక్కే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో, బండి పుస్తకంలో రాసిన పాళ్లలోనే కలపాలి.

ప్రశ్న: వానకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో నీళ్లు నిండి కారు సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీసేశారు. ఒకసారి స్టార్ట్ చేసి చూడమంటారా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చూడొద్దమ్మా, తాళం కూడా తిప్పొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా షెడ్డుకి ఒకే వీధిలోంచి ఒకే రకం కార్లు రెండు వచ్చాయి. రెండూ అంతే లోతు మునిగాయి. ఒకాయన ముట్టుకోకుండా లాగించుకొచ్చాడు. ఆయిల్, ఫిల్టర్లు మార్చి, వైరింగ్ ఆరబెట్టి, సీట్లు ఊడదీసి కడిగి ఇచ్చాం. రెండో ఆయన ఆశ కొద్దీ మూడుసార్లు సెల్ఫ్ కొట్టాడు. సిలిండర్లో గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి రాలేక, దాన్ని కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. విప్పి ఆయన చేతిలో పెడితే అరటిపండులా ఉంది.

మామూలు ఇన్సూరెన్స్ వరద నష్టం ఇచ్చినా, నీళ్లున్న ఇంజిన్ని తిప్పి పాడుచేసుకుంటే చాలాసార్లు ఇవ్వదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని వేరే కట్టాలి. నీటి గీత కనిపించేలా ఫొటోలు తీసి ముందు వాళ్లకి చెప్పండి. ఆయిల్ గేజీ పుల్ల తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే. ఆటోమేటిక్ అయితే తాడు కట్టి లాగనివ్వకండి, నాలుగు చక్రాలూ ఎత్తి తీసుకెళ్లే బండి పిలవండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. వాడి కారు మా షెడ్డులోనే ఉంది. నేను రిటైర్డ్ టీచర్ని, డ్రైవింగ్ రాదు. వాడు చెప్పినట్టు రోజూ అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నాను. అయినా బ్యాటరీ రెండుసార్లు పోయింది.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, అయినా కాదు, అందుకే పోయింది. స్టార్ట్ చేసేటప్పుడే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. అయిదు నిమిషాల్లో అది తిరిగి నిండదు. పైగా ఇంజిన్ పూర్తిగా వేడెక్కక సైలెన్సర్లో నీరు మిగిలిపోతుంది. షట్టర్ మూసి మాత్రం ఎప్పుడూ స్టార్ట్ చేయకండి. ఆ పొగలో ఉండే విషవాయువుకి వాసన కూడా ఉండదు.

నమ్మకమైన డ్రైవర్‌ని వారానికోసారి పిలిచి అరగంట ఊరి బయట తిప్పించండి. అది కుదరకపోతే తాళం చేతిలో ఉంచుకుని బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించండి. పది నంబరు స్పానర్‌తో రెండు నిమిషాల పని. టైర్లలో రెండు మూడు పాయింట్లు ఎక్కువ గాలి ఉంచండి. హ్యాండ్ బ్రేకు తీసి, గేరులో పెట్టి, చక్రాలకి ఇటుకలు అడ్డం వేయండి. నెలకోసారి బానెట్ ఎత్తి ఎలుకలు గూడు పెట్టాయేమో చూడండి. వైర్లు కొరికితే బ్యాటరీ కన్నా పెద్ద ఖర్చు. తీగ విప్పితే కారులో గడియారం, రేడియో స్టేషన్లు పోతాయి. అవి అబ్బాయి వచ్చాక పెట్టుకుంటాడు లెండి.