పంపు ఒక్కసారి కొంటాం, సెట్లు ప్రతి నెలా కొనాలి

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్ల క్రితం టైప్ వన్ డయాబెటిస్ అని తేలింది. రోజుకు నాలుగైదు ఇంజెక్షన్లు చేస్తున్నాం. చర్మానికి అతికించుకుంటే షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపే సెన్సర్ లేదు, వేలికి పొడిచి షుగర్ చూస్తున్నాం. ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఇన్సులిన్ ఇచ్చే ఇన్సులిన్ పంపుకు మారితే బాగుంటుందని డాక్టర్ అన్నారు. పాప చదువు కోసం వేసిన డిపాజిట్ ఉంది. ఆరు నెలల ఖర్చులకు ఎమర్జెన్సీ ఫండ్ ఉంది. డిపాజిట్ తీయాలా, లోన్ పెట్టాలా? పంపు కొనకపోతే పాపకు అన్యాయం చేస్తున్నామేమోనని దిగులుగా ఉంది.

జవాబు: ముందు ఆ దిగులు సంగతి. ఇంజెక్షన్లతోనే షుగర్‌ను చక్కగా అదుపులో పెట్టుకుంటున్న పిల్లలు ఎందరో ఉన్నారు. పంపు వల్ల మేలు ఉన్న మాట నిజమే. ఇంజెక్షన్ చేసే ఇన్సులిన్ పెన్నుతో అర యూనిట్ కంటే తక్కువ ఇవ్వలేం, పంపు 0.05 యూనిట్ కూడా ఇవ్వగలదు. చిన్న పిల్లల ఒంటికి అది చాలా తేడా. కానీ డబ్బు సర్దుకోవడానికి మీరు కొన్ని నెలలు తీసుకుంటే అది అన్యాయం కాదు. పాపకు రాత్రుళ్లు తరచూ షుగర్ పడిపోతుంటే మాత్రం విషయం వేరు. ఎంతవరకు ఆగొచ్చో డాక్టర్‌నే సూటిగా అడగండి.

ఇక డబ్బు. మీరు పంపు ధర గురించే అడిగారు. నన్ను ఆలోచింపజేసేది ఆ తర్వాత వచ్చే నెలసరి ఖర్చు. పంపు నుంచి ఒంట్లోకి ఇన్సులిన్ వెళ్లే ఇన్ఫ్యూజన్ సెట్‌ను సాధారణంగా రెండు మూడు రోజులకోసారి మార్చాలి. మూడు రోజులకు ఒకటి అనుకున్నా ఏడాదికి 122 సెట్లు, రెండు రోజులకైతే 183. ఇది కాగితం మీది లెక్క. పాప ఆటల్లో ఉండగా సెట్ ఊడి వస్తుంది, చెమటకు అతుకు లేచిపోతుంది, ఒక్కోసారి చర్మం కింద గొట్టం వంగిపోయి షుగర్ ఎందుకు పెరుగుతోందో అర్థం కాదు. అప్పుడు నిన్న పెట్టిన సెట్‌నైనా తీసి పారేయాల్సిందే. అందుకే పది శాతం అదనంగా లెక్క వేసుకోండి. దీనికి రిజర్వాయర్లు, అంటే పంపులో ఇన్సులిన్ నింపే చిన్న గొట్టాలు, కలపండి. షుగర్‌ను బట్టి తనంతట తాను ఇన్సులిన్ సర్దుకునే పంపు అయితే సెన్సర్ తప్పనిసరి. పది రోజులు పనిచేసే సెన్సర్లు ఏడాదికి 37 కావాలి, పద్నాలుగు రోజులవైతే 26. సెన్సర్ కొనలేకపోతే మీరు ఎక్కువ డబ్బు పెట్టిన ఆ సౌకర్యమే పనిచేయదు.

ఇన్సులిన్ ఖర్చు తగ్గుతుందని ఎవరైనా అంటే ఆ ఆదాను లెక్కలో వేసుకోకండి. పంపుకు వాడే ఇన్సులిన్ 10 మిల్లీలీటర్ల వయల్‌లో (సీసాలో) 1000 యూనిట్లు ఉంటాయి, తెరిచాక చాలా రకాలను 28 రోజులకు పారేయాలి. మీ పాపకు రోజుకు 20 యూనిట్లు అనుకుంటే ఆ గడువులో పట్టేది 560. గొట్టం నింపేటప్పుడు కొంత పోయినా, వయల్‌లో మిగిలేది తక్కువేమీ కాదు. పైగా ఎదిగే వయసులో పిల్లలకు కిలో బరువుకు ఒక యూనిట్ పైనే పట్టొచ్చు. ఇప్పటి 20 ఆ వయసుకు 50 దాటినా ఆశ్చర్యం లేదు. ఇంకో మాట, మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న వయల్ తక్కువ ధరకు దొరికిందని పంపులో వాడకూడదు. పంపులకు సాధారణంగా 100 యూనిట్లదే వాడతారు.

పాత ఖర్చులూ పూర్తిగా పోవు. పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే. సెట్ ఊడిపోయినా, పంపు ఆగిపోయినా కొద్ది గంటల్లోనే కీటోన్లు, అంటే ఇన్సులిన్ అందక ఒంట్లో పేరుకునే ఆమ్లాలు, పెరగడం మొదలవుతుంది, అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. అందుకని పెన్ను, సూదులు, రోజంతా పనిచేసే ఇన్సులిన్, కీటోన్ స్ట్రిప్స్ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. వాటికి ఎక్స్‌పైరీ ఉంటుంది కాబట్టి వాడకపోయినా మళ్లీ కొనాలి.

షోరూమ్ మాటలకు ముందు కంపెనీని ఈ నాలుగు అడిగి కాగితం మీద రాయించుకోండి: ఒక్కో సెట్, రిజర్వాయర్ ధర ఎంత, గత కొన్నేళ్లలో ఎంత పెరిగింది, వారంటీ ఎన్నేళ్లు, పాడైతే బదులు పంపు ఎన్ని గంటల్లో ఇస్తారు. చాలా పంపులకు వాటి కంపెనీ రిజర్వాయరే పడుతుంది. ఒకసారి కొన్నాక బేరానికి చోటుండదు. వారంటీ సాధారణంగా నాలుగేళ్లు ఉంటుంది కాబట్టి పంపు ధరను 48తో భాగించి, ఆ మొత్తం మొదటి నెల నుంచే వచ్చే పంపు కోసం పక్కన పెట్టండి. సెకండ్‌హ్యాండ్ పంపు వైపు చూడకండి. వారంటీ మీ పేరు మీదికి రాకపోవచ్చు, ఎలా వాడారో తెలియదు.

ఇవన్నీ కలిపితే వచ్చే నెలవారీ మొత్తంలోంచి ఇప్పుడు ఇంజెక్షన్లకు అవుతున్నది తీసేయండి. మిగిలిన తేడాను వచ్చే నాలుగు నెలలు, జీతం పడిన రోజే, వేరే ఖాతాలో వేయండి. పంపు ఇప్పటికే ఉందనుకుని బతకండి. ఎక్కడా అప్పు చేయకుండా, క్రెడిట్ కార్డు గీకకుండా నాలుగు నెలలూ గడిస్తే మీ ఇల్లు ఆ ఖర్చును మోయగలదు. పోగైన డబ్బు సెట్లకు నిల్వగా ఉంటుంది. గడవకపోతే పంపు కొనడం ఆపి, అందులో కొంత మొత్తంతో సెన్సర్ మాత్రం మొదలుపెట్టండి. ఇంజెక్షన్లతో ఉన్న పిల్లలకూ సెన్సర్ ఎంతో మేలు చేస్తుంది, అలారం ఉన్న రకమైతే రాత్రి షుగర్ పడిపోతే మోగుతుంది. నాకు అన్నిటికంటే భయం వేసేది పంపు కొని, చేతిలో డబ్బు ఆడక ఒక్కో సెట్‌ను ఐదారు రోజులు లాగించడం. చర్మం కింద ఇన్ఫెక్షన్ రావొచ్చు, ఇన్సులిన్ సరిగ్గా ఎక్కకపోవచ్చు. అంతకంటే ఇంజెక్షన్లే మేలు.

నాలుగు నెలలూ గడిస్తే డిపాజిట్‌లోంచే తీయండి, లోన్ వద్దు. ఈఎంఐ పడేదీ సెట్లు కొనాల్సిందీ ఒకే నెలలో, ఒకే జీతంలోంచి. చదువుకు ఇంకా తొమ్మిదేళ్ల టైమ్ ఉంది, మళ్లీ నింపుకోవచ్చు. గడువుకు ముందు తీస్తే ఎంత వడ్డీ పోతుందో మాత్రం బ్యాంకులో అడగండి. ఎమర్జెన్సీ ఫండ్‌ను ముట్టుకోవద్దు. పైగా, పంపు నెలసరి ఖర్చు కూడా కలిపి ఆరు నెలలకు సరిపోయేలా దాన్ని పెంచుకోవాలి. ఆరోగ్య బీమా ఉంటే పరికరానికీ సెట్లకూ విడివిడిగా కవరేజీ ఉందేమో రాతపూర్వకంగా అడగండి. పరికరానికి ఇచ్చి సెట్లకు ఇవ్వని పాలసీలు ఉంటాయి.

మీరు అడగనిది ఒకటుంది. మీ ఇద్దరి పేరా తగినంత టర్మ్ ఇన్సూరెన్స్ ఉందా? సంపాదించే మనిషి లేకపోయినా పాపకు ఇన్సులిన్ ఒక్క రోజు ఆగకూడదు. కవర్ ఎంత ఉండాలో లెక్క వేసేటప్పుడు ఇంటి ఖర్చులు, చదువుతో పాటు పాప వైద్యం ఖర్చును కనీసం ఆమెకు పాతికేళ్లు వచ్చేదాకా కలపండి. మీరు ఉద్యోగం చేయకపోయినా మీకూ కవర్ కావాలి. పాప షుగర్ చూసుకుంటున్నది మీరే అయితే, ఆ పనికి మరో మనిషిని పెట్టడం ఖర్చుతో కూడుకున్నదే. ఈ పాలసీల దరఖాస్తు పంపు కొనే లోపే, ఈ నెలలోనే ఇచ్చేయండి.