చేవెళ్ల దగ్గర చల్క నేల (ఇసుక కలిసిన ఎర్ర నేల), బోరు తగ్గిపోతోంది, డ్రిప్ ఒక్కటే పెడితే చాలా?

చాలదండి. డ్రిప్ నీళ్లని పొదుపుగా వాడుతది అంతే, కొత్తగా నీళ్లు పుట్టించదు కదా, మీరు ముందు చూడాల్సింది వాన నీళ్లు. ఎకరంలో 1 మిల్లీమీటరు వాన పడితే 4,000 లీటర్ల పైనే, అంటే ఒక్క 50 మిల్లీమీటర్ల వానకి 2 లక్షల లీటర్లు, అందులో కొంత భాగం వాలు వెంట పోతది, మట్టిని కూడా తీస్కపోతది. అందుకే దున్నేది వాలుకి అడ్డంగా దున్నండి, పల్లం మూలకి ఫామ్ పాండ్ (వాన నీళ్లు పట్టే కుంట) తవ్వించండి, కానీ చల్కలో నీళ్లు ఇంకిపోతయి కాబట్టి నిల్వ కావాలంటే అడుగున షీట్ తప్పనిసరి, బోరు రీఛార్జ్ కోసమే అయితే షీట్ వద్దు.

ఎండాకాలంలో చెరువు పూడిక మట్టి దొరికితే తోలించండి, తేమ ఎక్కువ రోజులు ఆగుతది, నన్నడిగితే వాన నీళ్లతో పాటు ఇది కూడా ముందే చూస్కోవాలి.

డ్రిప్ పెట్టినా ఫిల్టర్ కడగాలి, లేటరల్ పైపుల (మొక్కల వరుసల వెంట పోయే సన్న పైపులు) ఎండ్ క్యాప్ తీసి నీళ్లు వదిలితే ముందు ఎర్రటి బురద వస్తది, తేటగా వచ్చేదాకా వదలండి. మొక్కల మొదళ్లలో గడ్డి పరవండి.

బోరు కింద వరి మాత్రం మానేయండి, ప్లీజ్. కంది, జొన్న, కూరగాయలు వేస్కోండి. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో క్రీడా (CRIDA, కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) ఉంది, మెట్ట సాగు మీదే పనిచేస్తరు, ఒకసారి వెళ్లి అడగండి.