మాటల పెట్టె: కునుకు కబుర్లు

ప్రశ్న: అమెరికాలో చదువుకుంటున్న మనవరాలు రాత్రి పూట 'ఐ యామ్ ఈపీ' అని మెసేజ్ పెడుతోంది. మొన్న నిద్రపోతున్న పిల్లి బొమ్మ పంపి, కింద 'ఎ మిమిర్' అని రాసింది. ఏమిటివి?
– ఒక అమ్మమ్మ, తెనాలి

రెండూ నిద్ర మాటలేనమ్మా. ఇంగ్లీషు 'స్లీపీ' మొదట్లో ఉన్న రెండు హల్లులూ రాలిపోతే మిగిలేది 'ఈపీ'. నోరు తిరగని పసివాళ్లు హల్లులు మింగేసి మాట్లాడతారు కదా, ఆ ముద్దుపలుకునే పెద్దపిల్లలు కావాలని రాస్తున్నారు. 'మిమిర్' స్పానిష్ వాళ్లది. వాళ్ల భాషలో నిద్రపోవడం 'దొర్మిర్', దానికి చంటిపిల్లల పలుకు 'మిమిర్'. 'ఎ మిమిర్' అంటే 'ఇక బజ్జుందాం' అన్నట్టు. దీనికి సరితూగే జవాబు మీ నోట్లోనే ఉంది: 'బజ్జో తల్లీ' అని పెట్టండి. బజ్జో కూడా ఊయల దగ్గర పుట్టిన మాటే. 'ఈపీ' తన గురించో, పెంపుడు పిల్లి గురించో ముద్దుగా చెప్పుకోవడానికే బాగుంటుంది. పై అధికారికి రాసే మెయిల్లో వాడొద్దని మీ మనవరాలికి ఒక మాట చెప్పండి.

ప్రశ్న: మా దోస్తుల గ్రూపులో వాడుకోవడానికి నిద్ర మీద సరదా తెలుగు మాటలు కావాలి.
– ఒక విద్యార్థి, కరీంనగర్

కావలసినన్ని ఉన్నాయి. అయితే ఏ మాట కొలత దానిదే. కళ్లు బరువెక్కి, ఎదుటివాళ్ల మాట వినపడీ వినపడనట్టుంటే మగత. నిద్రకూ మెలకువకూ మధ్య ఊగుతుంటే మాగన్ను. కూర్చున్నచోటే తల ముందుకు వాలడం, ఉలిక్కిపడి లేవడం, మళ్లీ వాలడం కునికిపాట్లు. మధ్యాహ్నం భోజనం తర్వాత క్లాసులో మీకు జరిగేది ఇదే. కాసేపట్లో చెదిరిపోయే తేలిక నిద్ర కోడికునుకు. ఎనిమిది గంటలు పడుకుని లేచి కోడికునుకు తీశానంటే మాట చిన్నబోతుంది. 'నడుం వాల్చడం'లో నిద్ర పట్టాలన్న నియమమే లేదు, వీపు మంచానికి ఆనితే చాలు. 'ముసుగుతన్నాడు' అంటే లేపినా లేచే ఉద్దేశం లేదని. ఇక మీ ఇంట్లో మాట 'జరసేపు పండుకుంట' ఉండనే ఉంది. గ్రూపులో అలాగే రాయండి, దాన్ని దిద్ది 'పడుకుంటాను' చేయనక్కర్లేదు.

రెండుచోట్ల మాత్రం జాగ్రత్త. 'తాతయ్య కన్నుమూశారు' అని రాస్తే చుట్టాలంతా ఏడుస్తూ బయల్దేరతారు. పత్రికల్లో మరణవార్తకు వాడే మాట అది. 'తాతయ్యకు కన్నంటుకుంది', 'కునుకు తీస్తున్నారు' అనాలి. రెండోది 'నిద్ర చేయడం'. గుళ్లోనో, పెళ్లయ్యాక అత్తారింట్లోనో ఆచారం ప్రకారం రాత్రి ఉండటాన్ని అలా అంటాం. మూడు నిద్రలు చేయాలనడం అందుకే. మామూలు నిద్రకైతే 'నిద్రపోయాను' అనాలి.

ప్రశ్న: బొమ్మల కథల్లో నిద్రపోయేవాళ్ల తల మీద 'జడ్ జడ్ జడ్' ఎందుకు?
– ఒక పాఠకుడు, అనంతపురం

గురక చప్పుడుకు ఇంగ్లీషు వాళ్లు ఎంచుకున్న అక్షరమది. మన చెవికి వినపడేది 'గుర్ర్', గురక పేరులోనూ అదే ఉంది. తెలుగులో రాసేటప్పుడు 'గుర్ర్‌ర్ర్' అని సాగదీయండి.

ప్రశ్న: సెలవు రోజు పగలంతా మంచం దిగని మా అబ్బాయి 'బెడ్ రాటింగ్' అంటాడు. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తూ దానికీ ఏదో పేరు చెబుతాడు.
– ఒక తల్లి, విజయనగరం

బెడ్ రాటింగ్ నిద్ర కాదు. మెలకువగానే, ఫోనో తిండో పక్కన పెట్టుకుని మంచం మీద గడపడం. లేవాల్సిన వేళ దాటినా పక్క మీద దొర్లడానికి 'హర్కిల్ డర్కిల్' అనే పాత స్కాట్లండ్ మాటను కూడా ఈ మధ్య నెట్‌లో మళ్లీ బయటికి తీశారు. మీవాడు చెప్పే రెండోది 'రివెంజ్ బెడ్‌టైమ్ ప్రొక్రాస్టినేషన్' అయి ఉండాలి. నిద్రవేళను వాయిదా వేయడం గురించి నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో రాశారు. పగ తీర్చుకోవడమన్న భావం చైనీయుల వాడుక నుంచి వచ్చి చేరింది. పగలు తన కోసం ఒక్క గంట దొరకనివాళ్లు రాత్రి నిద్రలోంచి ఆ గంట లాక్కుంటారు. అందుకే తిట్టడం పనిచేయదు. సాయంత్రం చదువు, పని లేని గంట ఒకటి వాడికి వదలండి, ఫోన్ ఛార్జరును మంచానికి చెయ్యి అందని చోట పెట్టండి.

ప్రశ్న: 'నాపుచ్చినో' అంటే కాఫీ తాగి పడుకోవడమట. కాఫీ తాగితే నిద్రెలా పడుతుంది?
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

కాపుచ్చినో అనే నురగ కాఫీ పేరుకు ఇంగ్లీషు 'నాప్' అంటే కునుకును అతికించిన పేరు. కాఫీలోని కెఫీన్ మెదడు మీద పనిచేయడానికి సుమారు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కిటుకంతా ఆ వ్యవధిలోనే ఉంది: కెఫీన్ పని మొదలుపెట్టేలోపే కునుకు తీసి లేవాలి. ఒక చిన్న గ్లాసు కాఫీ గోరువెచ్చగా చేసుకుని గబగబా తాగేయాలి. వెంటనే 20 నిమిషాలకు అలారం పెట్టి, గది చీకటి చేసి వాలిపోవాలి. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకునే ఉండండి, మాగన్ను చాలు.

చెడేది సాధారణంగా మూడు చోట్ల. పొగలు కక్కే కాఫీని 15 నిమిషాలు చప్పరిస్తే కునుక్కి టైము మిగలదు. అలారం ఆపేసి గంట పడుకుంటే గాఢనిద్రలోంచి లేవాల్సొచ్చి తల దిమ్మెక్కుతుంది. ఇక సాయంత్రం చేస్తే, తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే చాలామందికి 5 గంటలు పడుతుంది కనుక రాత్రి నిద్ర చెడుతుంది. మధ్యాహ్నం రెండింటిలోపు ముగించండి. గర్భిణులు, గుండెదడ ఉన్నవాళ్లు కాఫీ మానేసి ఉత్త కునుకే తీయవచ్చు, అలారం మాత్రం అదే 20 నిమిషాలకు.