గుండె మునగదు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆరో పేజీలో "ఆమె గుండె మునిగిపోయింది" అన్న చోట కాగితాలు పక్కన పడేసి కాఫీ పెట్టుకున్నాను. తెలుగులో పడవలు మునుగుతాయి, కొంపలు మునుగుతాయి. గుండె గుభేలుమంటుంది, జారుతుంది, చెరువు కూడా అవుతుంది. మునగడం మాత్రం దానికి రాదు. అది ఇంగ్లీషులోని "హార్ట్ శాంక్"కు మక్కికి మక్కి అనువాదం.

రాసేటప్పుడు నీకు ఇంగ్లీషు గుర్తే రాదన్నావు. రాకపోవచ్చు, కానీ అది అక్కడే ఉంటుంది. 1999లో వియోరికా మేరియన్, మైకేల్ స్పైవీ అనే పరిశోధకులు రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ల ముందు కొన్ని వస్తువులు పెట్టి, రష్యన్‌లోనే "మార్కు" తీయమన్నారు. అంటే తపాలా బిళ్ల. వాళ్ల చూపు పక్కనున్న మార్కర్ పెన్ను మీదికీ పోయింది! ఆ పెన్నుకు రష్యన్‌లో పేరు వేరు. ఆ క్షణంలో ఇంగ్లీషుతో ఎవరికీ పనిలేదు. అయినా అది చెవి ఒగ్గి వింటూనే ఉంది.

నేనూ పగలంతా ఆఫీసులో ఇంగ్లీషు నోట్లు రాసి, రాత్రి కథలు రాసినదాన్నే. ఒక కథలో తండ్రి కొడుకుతో "నిన్ను చూసి గర్వపడుతున్నాను" అన్నాడు. చదివి వినిపిస్తే మా అమ్మ, "ఆయనది ఏ ఊరే?" అంది. నేను పరీక్ష ప్యాసయిన రోజు మా నాన్న నాతో ఒక్క మాటా అనలేదు. వీధి చివరిదాకా వెళ్లి అందరికీ చెప్పుకొని వచ్చాడు. ఆ కథను వేసుకున్న వారపత్రిక సంపాదకుడు ఆ గర్వాన్ని భద్రంగా ఉంచి, తల్లి తిట్లన్నీ "మర్యాదగా లేవు" అని కొట్టేశాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా కోపం పోలేదు.

నీ కథ మళ్లీ తీసింది మూడో పేజీలోని తిట్టు కోసమే. "నీ దుంప తెగ, వానలో తడిసి వచ్చావా, ముందు తల తుడుచుకో." నాకు ఒళ్లు ఝల్లుమంది. 2003లో క్యాథరీన్ హారిస్ బృందం, టర్కిష్ మాతృభాషగా పెరిగి తర్వాత ఇంగ్లీషు నేర్చినవాళ్ల వేళ్లకు తీగలు తగిలించి పరీక్షించింది. చిన్నప్పటి మందలింపులు ఇంగ్లీషులో విన్నప్పటికంటే టర్కిష్‌లో విన్నప్పుడే వాళ్ల చర్మం ఎక్కువగా స్పందించింది. అందుకే అంటాను, తిట్టు లేని కథను నేను నమ్మను. ఇది చాదస్తమని మా ఇంట్లోవాళ్లు కూడా అంటారు.

కలం పేరు గురించీ పోటీల గురించీ అడిగావు. ముందు ఆరో పేజీ సంగతి చూడు. ఆ వాక్యం మూడో పేజీలోని తల్లి నోట ఎలా వచ్చేదో విని, తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటి ఒక పాత రచయిత్రి